క్రేన్‌లోంచి కనపడేంత అక్షరం

...లేక బోర్డే పెద్దదయిందేమో. మూడేళ్ల కిందట పాతది చెదలు తినేసిందని తీసేసి కొత్తది బిగించారు. కొత్తది వెడల్పు ఎక్కువ. పెద్ద పళ్లెంలో పెడితే గుప్పెడన్నం కూడా తక్కువగానే కనపడుతుంది. అంతే అయ్యుండాలి. అంతే అయితే మరి పై వరుస నుంచి కింది వరుసకు వచ్చేసరికి అక్షరం ఎందుకు తగ్గిపోతోంది? రెండు వరుసల మధ్యలో బోర్డు పెరగదు కదా.

పరబ్రహ్మం సుద్దముక్క పట్టుకుని మూడడుగులు వెనక్కి నడిచి నిలబడ్డాడు. భిలాయి సెక్టర్ ఆరులో ఉత్తరాంధ్ర మిత్రమండలి హాలు బయటి గోడకున్న నల్లబోర్డు అది. పైన ‘నేటి దినం’ అని తెల్లరంగుతో రాసిన చెక్క మాత్రం పాత బోర్డుదే. పదేళ్ల కిందట, ఉద్యోగం ఇంకా ఉండగానే, ఒక ఆదివారం తనే కుంచెతో రాశాడు. ఒక్కో అక్షరం జానెడు. దాని కింద ఇప్పుడు సుద్దతో రాసిన వరుస, ‘ఏప్రిల్ 11, ప్రపంచ పార్కిన్‌సన్స్ దినం’, బెత్తెడు ఎత్తున మొదలై చివరికి వచ్చేసరికి బొటనవేలి గోరంత అయింది. దాని కింద జబ్బు లక్షణాలు ఐదు రాయాలి. నాలుగు రాశాడు. ఐదోది రాయబోయి ఆగిపోయాడు.

కాగితం మళ్లీ తీసి చూశాడు. ఉక్కు మిల్లులో తనతో పనిచేసిన కొర్నేలి కూతురు ఏంజెలా పంపిన కాగితం. ఆమె ఫిజియోథెరపిస్టు. ఈరోజు పదింటికి హాలులో శిబిరం పెడుతోంది. హిందీలో రాసి పంపింది. తెలుగులో రాయడం ఆమెకు రాదు. ఐదో వరుస: చేతిరాత క్రమంగా చిన్నదైపోవడం.

ఎవరో తనను చూసి రాసినట్టుంది. కానీ ఎవరు చూశారు? కాగితం మూడు రోజులుగా తన జేబులోనే ఉంది. మూడు రోజులూ మొదటి వరుస చదివి మడిచి పెట్టేశాడు. మొదటి వరుస: చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణకడం.

అది కూడా తనను చూసే రాశారా?

దసరా దగ్గర్నుంచీ కుడిచెయ్యి ఒక కొత్త పని నేర్చుకుంది. ఏ పనీ లేకుండా ఒళ్లో పడుకోబెడితే బొటనవేలూ చూపుడువేలూ విభూతి నలుపుతున్నట్టు ఒకదానిమీద ఒకటి కదులుతాయి. సుద్దముక్క అందిస్తే ఆగిపోతాయి. సంచీ పట్టుకుంటే ఆగిపోతాయి. అందుకే అతను ఆ చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి అప్పజెబుతూ వచ్చాడు. తాళాలగుత్తి, గొడుగు, మడత పెట్టిన పేపరు. ఏదీ దొరక్కపోతే జేబు. పనిచేసే చెయ్యి జబ్బుచెయ్యి ఎలా అవుతుంది? మిల్లులో ఏ మోటారైనా నడుస్తున్నప్పుడే అదురుతుంది. స్విచ్చి ఆపేశాక అదిరే మోటారును అతను ముప్పై నాలుగేళ్లలో ఒక్కటి కూడా చూడలేదు.

ఆ వరుస రాయకుండా వదిలేస్తే? నాలుగు లక్షణాలు చాలు. లక్షణాలు ఐదే ఉండాలని ఎవరన్నారు? కానీ ఏంజెలా పదింటికి వచ్చి చూస్తుంది. ఐదోది ఏదీ అంటుంది. అప్పుడు ఐదోదాన్ని ఎందుకు వదిలేశావు అని కాదు, నువ్వే ఎందుకు వదిలేశావు అని అడిగినట్టు ఉంటుంది. రాస్తే చిన్నగా పడుతుంది. చేతిరాత చిన్నదైపోవడం అని చిన్న అక్షరాలతో రాసినవాణ్ని ఈ వీధిలో ఒక్కడైనా గుర్తుపట్టకపోతాడా?

ఎవడు చదువుతున్నాడు గనక. ఒకప్పుడు షిఫ్టుకు వెళ్లే సైకిళ్లు ఈ వీధిలో వరసకట్టి పోయేవి. సైకిలు మీద పోయేవాడికి ఒక వరుస చదివే తీరిక ఉండేది. ఇప్పుడు బళ్ల మీద రయ్యిమని పోతారు. అయినా అతను రాస్తాడు. ఈ ప్రపంచ దినాల మీద అతనికి ఒక పిచ్చి. ప్రతి దినానికీ ఒక కారణం ఉంటుంది, దాన్ని వెతికి ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. మార్చి ఇరవై నాలుగు క్షయ దినం, ఆ రోజున ఒక జర్మనీ డాక్టరు క్షయ క్రిమిని కనిపెట్టానని చెప్పాడు. నవంబరు పద్నాలుగు మధుమేహ దినం, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరి పుట్టినరోజు. మార్చి మూడు చెవుల దినం, మూడు అంకె చెవిలా ఉంటుందని. అది తెలిసినరోజు పరబ్రహ్మం ఒక్కడే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాడు. లోకంలో ఎక్కడో కూర్చున్న పెద్దవాళ్లకు కూడా తనలాగే అంకెల ఆకారం కనపడుతుందన్నమాట.

కానీ ఈ ఏప్రిల్ పదకొండు మాత్రం అతనికి ఎప్పుడూ కుదురుగా అర్థం కాలేదు. అది పార్కిన్‌సన్ అనే ఇంగ్లీషు డాక్టరు పుట్టినరోజు. జబ్బుకు ఆయన పేరు. దినానికి ఆయన పుట్టినరోజు. ఆయనకు ఆ జబ్బు లేదు. ఆరుగురి గురించి రాశాడట, అందులో ముగ్గురిని దారిలోనే చూశాడట. దారిన పోతూ ఎవరో వంగి నడవడం, ఎవరిదో చెయ్యి వణకడం చూసి ఆగిపోయాడన్నమాట. ఆ ముగ్గురి పుట్టినరోజులు ఎవరికి తెలుసు? వాళ్లకు తమను ఒకడు చూస్తున్నాడని తెలిసిందా? తెలిస్తే చెయ్యి జేబులో పెట్టుకునేవారా? ఆ కాలంలో జేబులు ఉండేవా?

ఆలోచన ఎక్కడికో పోతోంది. ఐదో వరుస ఇంకా ఖాళీగానే ఉంది.

స్కూటరు వచ్చి ఆగింది. మండలి కార్యదర్శి మనోజ్‌కుమార్, ముప్పై అయిదేళ్లవాడు. ఇక్కడే పుట్టాడు. వాళ్ల నాన్నా పరబ్రహ్మమూ ఒకే ఏడు శ్రీకాకుళం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరారు. రోజూ డ్యూటీకి పోయే దారిలో బోర్డు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అతని పని.

“రామ్‌రామ్ మావా. అయిపోనాదా?”

“ఒక్క లైను ఉంది బాబు.”

మనోజ్ ఫోన్ ఎత్తి, దించి, బోర్డుకు దగ్గరగా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లాడు.

“ఏటి మావా ఇది, మనుషులకి రాసినావా, చీమలకి రాసినావా? ఫోటోలో ఏటీ దిఖ్ నహీ రహా.”

“బోర్డు పెద్దది కదరా. అందుకే అలగ కనపడతన్నాది.”

“బోర్డు మొన్న కూడా పెద్దదే కద.” మనోజ్ ఫోన్‌లో వేలితో పైకి పైకి తోసుకుంటూ పోయి ఒక ఫోటో దగ్గర ఆపాడు. “ఇది సూడు. ఇదే బోర్డు. మూడేళ్ల కిందట, ఇదే రోజు. ఎంత బాగా రాసినావు! రోడ్డుకి ఆ పక్కనుంచి కూడా కనపడతాది. ఇది పోయినేడు. ఇది ఇయ్యాల్టిది.”

మూడు ఫోటోలు. ఒకే వాక్యం. పరబ్రహ్మం తన మొహాన్ని అద్దంలో చూసుకుంటున్నట్టు కాక, తన మొహం పెట్టుకున్న ఇంకెవరినో చూస్తున్నట్టు చూశాడు. మొదటి ఫోటోలో వాక్యం బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. రెండోదాంట్లో ముప్పాతిక వరకే వచ్చింది. మూడోది సగంలోనే అయిపోయింది. పక్కన ఖాళీ నలుపు. ఫోన్ దూరంగా పెట్టి తీసి ఉంటాడు. లేదు, పైన ‘నేటి దినం’ మూడింటిలోనూ ఒకే సైజులో ఉంది.

“కంటి డాక్టరుకి సూపించుకో మావా. అద్దాలు మార్చాల.”

“అవును. అద్దాలే.” చటుక్కున ఒప్పుకోవడంలో అతనికి పెద్ద ఊరట దొరికింది. కళ్లు. కళ్లకైతే అక్టోబరులో వేరే దినం ఉంది.

“నేనొకటి ఆలోసించినాను. ఏల నీకు రోజూ ఈ తక్‌లీఫ్? టీవీ లాంటి బోర్డు ఒకటి దొరుకుతన్నాది. ఇంట్లోంచి ఫోన్లో కొడితే ఇక్కడ పడిపోతాది. కమిటీలో పెడతాను వచ్చే నెల. నువ్వు హాయిగా ఇంటికాడ కూకో.”

“హాయిగా కూకుని ఏటి సెయ్యాల?”

“చేతులు ముడుచుకుని కూకో మావా,” అంటూ నవ్వి మనోజ్ స్కూటరు తిప్పాడు. “పదింటికి నేను డ్యూటీనుంచి ఒక గంట పర్మిషన్ పెట్టి వస్తాను. ఏంజెలా దీదీకి టేబుల్ వేయించు.”

చేతులు ముడుచుకుని. సరిగ్గా అది ఒక్కటే తను చెయ్యలేని పని. ఆ మాట మనోజ్ ఊరికే అన్నాడా, చూసి అన్నాడా? చూసి ఉంటే కళ్లద్దాల మాట ఎందుకు ఎత్తుతాడు? చేతికి జబ్బు అని తెలిస్తే బోర్డు వచ్చే నెల దాకా కూడా ఆగదు. రేపే పోతుంది. బోర్డు పోతే పొద్దున్న ఆరింటికి లేవడానికి కారణం ఉండదు. సుద్ద ఉండదు. సుద్ద లేకపోతే చెయ్యి పొద్దల్లా ఖాళీ. లెక్క ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగుతోంది.

ఐదో వరుస రాశాడు. పెద్దగా రాయాలని పళ్లు బిగించి రాశాడు. మొదటి మాట పెద్దగానే వచ్చింది. తరువాతవి ఎవరో లోపలి నుంచి దారం లాగుతున్నట్టు ముడుచుకుపోయాయి.

ఇంటికి వచ్చేసరికి సింహాచలమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

“ఏటండి, మీరు ఇల్లు ఇడిసి ఎల్లినప్పుడు పొయ్యి మీద పాలు సూసినారా?”

“సూడలేదు.”

“నేను తానానికెల్లినాను. మీరు ఆ పక్కనే కూకుని సుద్దలు ఏరుకుంతన్నారు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లగయిపోనాది. పక్కింటి దీదీకి వాసనొచ్చి తలుపు కొట్టింది. మీకు రాలేదా?”

“జలుబు సేసింది.”

“దసరా కాణ్నుంచి జలుబేనా?”

అతను కుర్చీలో కూర్చున్నాడు. వాసన తెలియకపోవడం. మూడో వరుస. గంట కిందటే తన చేత్తో రాశాడు. రాస్తున్నప్పుడు ఒక మాట లోపలికి పోదా? సుద్ద మీదుగా బోర్డు మీదికి పోవడమేనా? ఇన్నేళ్లూ రాసిన దినాలన్నీ అలాగే తన లోపలికి రాకుండా పక్కనుంచి పోయాయా? నోటుబుక్కులో ప్రతి తేదీకీ కారణం ఉంది. ఏ కారణమూ తనది కాదు.

సింహాచలమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది.

“ఒకమాట అడుగుతాను, కోప్పడకండి. నామీద ఏటైనా కష్టంగా ఉందా మీకు? మాట్లాడితే నవ్వరు. తిట్టినా మొహంలో ఏటీ కదల్దు. గోడతో సెప్పినట్టుంది.”

“నవ్వుతూనే ఉన్నాను కదే.”

“ఎక్కడ?”

అతను నవ్వాడు. లోపల నవ్వాడు, కచ్చితంగా నవ్వాడు. ఆమె ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.

అప్పుడు కొర్నేలి గుర్తొచ్చాడు. నిజానికి పొద్దున్నుంచీ గుర్తొస్తూనే ఉన్నాడు, పరబ్రహ్మమే తలుపు తీయలేదు.

ఉక్కు పలకలు పేర్చే స్లాబ్ యార్డులో పరబ్రహ్మం పని అంకెలు రాయడం. కొలిమి నుంచి ఒక్కో విడతలో దిగిన ఉక్కుకు ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఎర్రటి వేడి ఇంకా దిగని పలకల మీద పొడుగు కర్రకు కట్టిన కుంచెతో తెల్లగా రాయాలి. కింద ఉన్నవాడికి కనపడితే చాలదు. అరవై అడుగుల పైన క్రేన్ గదిలో కూర్చున్నవాడికి కనపడాలి. ఆ గదిలో ఇరవై రెండేళ్లు కొర్నేలి ఉన్నాడు. అంకె స్పష్టంగా ఉంటే అద్దంలోంచి చెయ్యి ఊపేవాడు. అతని మొహం అంత దూరానికి కనపడేది కాదు, చెయ్యి మాత్రమే. రోజుకు యాభైసార్లు, వందసార్లు. పరబ్రహ్మానికి అక్షరం అంటే అదే: రాయడం, పైన ఒక చెయ్యి ఊగడం.

ఇద్దరూ రిటైరయ్యారు. కొర్నేలి దగ్గర్లోనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు. ఐదేళ్ల కిందట పరబ్రహ్మం కూతురు మణిమాల పెళ్లికి వచ్చాడు. ముందు వరుసలో కూర్చున్నాడు. అందరూ నవ్వుతుంటే నవ్వలేదు. పరబ్రహ్మం మంటపం దగ్గర్నుంచి చెయ్యి ఊపితే అతను ఊపలేదు. చెక్కతో చేసిన మొహంలా పెట్టుకుని చూశాడు. కొర్నేలి కూతురు పెద్ద చదువు చదివింది, ఇప్పుడు మనమెందుకు కనపడతాం అనుకున్నాడు పరబ్రహ్మం. ఎంత గట్టిగా అనుకున్నాడంటే ఆ తరువాత కోహ్కా వైపు వెళ్లడం మానేశాడు. రెండేళ్లకు ఎవరో చెప్పారు, కొర్నేలికి వణుకుడు జబ్బట, అప్పటికే మొహం కూడా బిగుసుకుపోయిందట అని. అప్పుడైనా వెళ్లి ఉండవచ్చు. కానీ వెళ్లకపోవడం అప్పటికి అలవాటైపోయింది. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలో తెలియక ఇంకా ఆలస్యం చేశాడు. పోయిన ఆగస్టులో కొర్నేలి చనిపోయాడు. సమాధుల దగ్గర పరబ్రహ్మం వెనక వరుసలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు పట్టుకున్నది వానకా, చేతికా? అప్పటికి ఇంకా వణుకు మొదలవలేదు. వానకే. వానకేనా?

“ఎక్కడికి మళ్లీ?” అంది సింహాచలమ్మ.

“టేబుల్ వెయ్యాల హాల్లో.”

“తిని ఎల్లండి. ఉప్మాలో కరివేపాకు ఏసినాను, వాసన సూసి సెప్పండి.” ఆమె అది వేళాకోళంగా అందో పరీక్షగా అందో అతనికి తెలియలేదు.

పదింటికి ఏంజెలా వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన సంచీ, చేతిలో చుట్టిన పోస్టరు. పోస్టరు మీద ఎర్రటి పువ్వు ఉంది. ఆ జబ్బుకు గుర్తట, తులిప్ అంటారట. భిలాయిలో ఎవరూ ఆ పువ్వును చూసి ఉండరు. పరబ్రహ్మానికి అది విచ్చుకోవడం మధ్యలో మానేసిన మోదుగ పువ్వులా కనిపించింది.

“నమస్తే అంకుల్. బోర్డ్ మీరే రాశారా?”

“అవునమ్మా.”

ఆమె అతని మొహంలోకి ఒక క్షణం ఎక్కువసేపు చూసింది. లేదా అతనికి అలా అనిపించింది. ఆ ఇంగ్లీషు డాక్టరు కూడా దారిలో ఇలాగే ఆగి చూసి ఉంటాడు. పరబ్రహ్మం తాళాలగుత్తి కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

ఆమె టేబుల్ వెనక కూర్చుంది. ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. పదిన్నర అయింది. కుర్చీ ఖాళీగానే ఉంది. పదకొండుకి బంగార్రాజు వచ్చాడు, పరబ్రహ్మంతోపాటే రిటైరైనవాడు. కుర్చీలో కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“షుగరు సూస్తారేటమ్మా ఇక్కడ?”

“నహీ అంకుల్, ఇది పార్కిన్‌సన్స్‌ది. మత్‌లబ్, చెయ్యి వణకడం, నడక స్లో అవ్వడం...”

“వణుకుడా? నాకు ఇంటిదాన్ని సూస్తే వణుకుడు, అదొక్కటే. దానికేటైనా మందుందా?”

“దానికి ఆంటీని తీసుకురండి, ఆమెకే ఇస్తాను.”

బంగార్రాజు పెద్దగా నవ్వాడు. “టిఫినీ కూడా నేదన్నమాట. బీపీ దినానికి వడలెట్టినారు.” వెళ్లిపోయాడు.

ఇంకెవరూ రాలేదు. ఏంజెలా మొహం మీద చిరునవ్వు కొంచెంసేపు అలాగే ఉండిపోయి తరువాత దిగిపోయింది. ఆమె బాటిల్‌లో నీళ్లు పట్టుకోవడానికి వెనక్కి వెళ్లింది.

మనోజ్ వచ్చాడు. గుమ్మంలోంచే పరిస్థితి చూశాడు. పరబ్రహ్మం పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

“కోయీ నహీ ఆయా? సరే మావా, రోజూలాగే. నలభై పేర్లు ఎక్కించెయ్ రిజిస్టర్‌లో. ఏడాది రిపోర్టులో నలభైకి తగ్గకూడదు. దీదీ పోయినాక ప్రెసిడెంటు సేత సంతకం పెట్టించేస్తాను.”

రోజూలాగే. అది మండలిలో ఎవరూ తప్పనుకోని పని. ఏ దినానికి ఎంతమంది వచ్చినా రిజిస్టరులో మాత్రం నలుగురైదుగురు కాదు, నలభైమంది వస్తారు. ఆరేళ్ల కిందట కార్తీక వనభోజనాలకు బస్సు మాట్లాడినప్పుడు సీట్ల ప్రకారం ఒక జాబితా వేశారు. ఆ జాబితా పరబ్రహ్మానికి నోటికి వచ్చు. దాన్నే ఎక్కిస్తాడు. ఒకటో నంబరు తనే. ఆ లెక్కన అతను కళ్లు చూపించుకున్నాడు, చెవులు చూపించుకున్నాడు, షుగరు, బీపీ, ఊపిరితిత్తులు, గుండె, అన్నీ ఏడాదికోసారి చూపించుకున్నాడు. కాగితం మీద అతనంత ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకున్నవాడు సెక్టర్ ఆరులో ఇంకొకడు లేడు.

కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తుంటే చెయ్యి నిమ్మళంగా ఉంది. అదే కదా తను అంటున్నది. పరబ్రహ్మం. బంగార్రాజు. చినబాబు. తిరుమలరావు. బస్సులో ఎడమవైపు మొదటి వరుస, రెండో వరుస. ఉదయ్‌కుమార్. వనజాక్షి. కిటికీ పక్కన కొర్నేలి.

కలం ఆగింది.

రాసేశాడు. ఏడో నంబరు, కొర్నేలి. వణుకుడు జబ్బు శిబిరానికి, ఈరోజు, ఏప్రిల్ పదకొండున.

ఏం రాశాడో అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. తప్పు రాశాడు, కొట్టేస్తే సరిపోతుంది. కానీ చెయ్యి కొట్టేయకుండా పేజీలు వెనక్కి తిప్పింది. పోయిన ఏప్రిల్ పదకొండు. ఏడో నంబరు, కొర్నేలి. అప్పటికి బతికే ఉన్నాడు. కోహ్కాలో, సైకిలు మీద పావుగంట దూరంలో, కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చేదట. అంతకు ముందు ఏప్రిల్ పదకొండు. ఏడో నంబరు, కొర్నేలి. హాజరు. ఆ జబ్బుకు ఆ రోజు హాలులో నలభైమంది వచ్చారని రాసిన ఆ జాబితాలో నిజంగా ఆ జబ్బు ఉన్నవాడు ఒక్కడే, అతను రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు. పిలవవలసినవాడు ఇక్కడ కూర్చుని అతని పేరు రాస్తున్నాడు. తెలిసీ రాశాడు. కాదు, తెలిసి కాదు, చెయ్యి రాసింది. చెయ్యి రాస్తే తను కాదా?

ఇంకొకటి కూడా కనపడింది. మూడు చోట్లా అదే పేరు, అదే చెయ్యి. మొదటిదాంట్లో కొర్నేలి గీతకూ గీతకూ మధ్య ఖాళీని నింపి ఉన్నాడు. రెండోదాంట్లో కొంచెం ముడుచుకున్నాడు. ఈరోజు కొర్నేలి అడుగు గీతను అంటిపెట్టుకుని కందిగింజంత ఉన్నాడు. ఇక్కడ బోర్డు లేదు. పెద్ద పళ్లెం లేదు. అద్దాల సంగతైతే, గీతలు గీతల్లాగానే కనపడుతున్నాయి.

“అంకుల్, నీళ్లు?”

ఏంజెలా పక్కనే నిలబడి ఉంది. పుస్తకం మూసేయవచ్చు. పేజీ మీద అరచెయ్యి పెట్టవచ్చు. మూసేస్తున్నట్టే అనుకున్నాడు కానీ పుస్తకం తెరిచే ఉంది. ఆమె వంగి చూసింది. తెలుగు రాయడం రాకపోయినా వాళ్ల నాన్న పేరు చదవడం వచ్చు.

“ఇది పప్పా పేరు కదా?”

గుమ్మం దగ్గర మనోజ్ ఫోన్ మాట్లాడుతున్నవాడు మాట ఆపేశాడు.

“అవునమ్మా.”

ఆమె పేజీ పైనున్న తేదీ చూసింది. వెనక్కి తిప్పింది. మళ్లీ తేదీ చూసింది.

“పప్పా ఇక్కడికి వచ్చారా? ఈ క్యాంప్‌కి? మాకు చెప్పలేదే. మమ్మీ... మమ్మీతో కూడా చెప్పలేదు.” ఆమె గొంతులో కోపం లేదు. ఆశ లాంటిది ఉంది. అదే భరించలేనిదిగా ఉంది. “ఎవరు తీసుకొచ్చారు? అప్పుడు నడవలేకపోయేవారు కదా.”

“దీదీ, అది ఏటంటే,” అంటూ మనోజ్ వచ్చాడు, “వో ఫార్మాలిటీ కా...”

“రాలేదమ్మా,” అన్నాడు పరబ్రహ్మం. “నేను రాసినాను. ఎవరూ రారు. నేనే రాస్తాను అందరివీ.”

ఏంజెలా రిజిస్టరు వదిలేసి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. పోస్టరు వైపు చూస్తూ ఉండిపోయింది. ఫ్యాను గాలికి ఎర్రపువ్వు గోడకు కొట్టుకుంటోంది.

“మీ గురించి చెప్పేవారు పప్పా,” అంది. “పైనుంచి చూస్తే మీ నంబర్లు కిటికీ అంత ఉండేవి అని. లాస్ట్‌లో మాట స్పష్టంగా వచ్చేది కాదు. అయినా చెప్పేవారు. మీరెందుకు రావట్లేదని మమ్మీని అడిగేవారు.”

“నవ్వలేదని,” అన్నాడు పరబ్రహ్మం.

“ఏంటి?”

“పెళ్లిలో నవ్వలేదని. నా మీద కోపమనుకున్నాను.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఈసారి అతనికి అలా అనిపించడం కాదు, నిజంగానే చూసింది. అతని మొహంలో ఏం కనపడుతోందో అతనికి తెలియలేదు. లోపల ఏడుస్తున్నాడు. బయటికి వస్తోందా? కొర్నేలి కూడా ముందు వరుసలో కూర్చుని లోపల నవ్వాడా? చెయ్యి ఎత్తాలనుకుని ఎత్తలేకపోయాడా? అరవై అడుగుల పైనుంచి ఊగినంత కాలం ఆ చెయ్యిని చదివినవాడు, ఆరడుగుల దూరంలో అది ఆగిపోతే ఎందుకు చదవలేకపోయాడు? ఈ దినం ఎందుకు పెట్టారో తను వెతికిన కారణం తప్పేమో. పుట్టినరోజు కాదేమో. దారిలో ఆగి చూసినందుకేమో. అదీ తెలియదు. నోటుబుక్కులో దిద్దాలా వద్దా?

“మావా, నువ్వు ఇంటికెల్లు. మిగతాది నేను సూస్తాను,” అన్నాడు మనోజ్.

పరబ్రహ్మం లేచాడు. తలుపు ఎడమవైపు ఉంది. ప్లాస్టిక్ కుర్చీ కుడివైపు. మొదటి అడుగు పడటానికి ఎందుకో ఆలస్యమైంది, కాళ్లు నేలను అంటుకున్నట్టు. తరువాత కదిలాయి.

అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కలం టేబుల్ మీద పెట్టాడు. జేబులోని తాళాలగుత్తి తీసి దాని పక్కన పెట్టాడు. తరువాత కుడిచేతిని తెచ్చి ఏ పనీ చెప్పకుండా ఏంజెలా ముందు, వెలుతురు పడుతున్న చోట, పెట్టాడు.